రెండు వంటయిండ్ల పొత్తు

రాజుల జయాపజయములను గూర్చి వ్రాసినవారు అనేకులు కలరు. ఆ రాజుల వంటశాలలలో నిప్పు రాజవేసినవారిని గూర్చి వ్రాసినవారు మిక్కిలి తక్కువ. అయినను, వేఱువేఱు దేశములనుండి వచ్చినవారు ఒక్కచోట కలసి యెట్లు బ్రదికిరో తెలిసికొనగోరువారికి, కోటగోడలకంటె పొయ్యిమీది కుండయే యెక్కువ నిజము చెప్పునని మా యభిప్రాయము. ఇందుకు నిదర్శనముగా, నేడు తెలుగునాట పెండ్లిపందిళ్లలోను భోజనశాలలలోను పేరెన్నికగన్న హైదరాబాదు కోడిబిరియానిని గైకొందము.

ముందుగా పేరును విచారింతము. పలావు, బిరియాని యనునవి రెండును పర్షియనుభాషనుండి వచ్చిన పదములే. ‘బిర్యాన్’ అనగా వేచినదనియు, ‘బిరింజ్’ అనగా బియ్యమనియు అర్థము గలదు. ఈ రెంటిలో ఏది మూలమో పండితులలో నేకాభిప్రాయము లేదు. ‘దమ్ము’ అనగా ఊపిరి. అక్బరు కొలువులోని అబుల్ ఫజల్ 16వ శతాబ్దాంతమున రచించిన ‘ఐనీ అక్బరీ’లో పలావును, బిర్యానును రాచవంటలలో చేర్చినాడు. షాజహాను పట్టపురాణి ముంతాజు సైనికుల బలముకొఱకు ఈ వంటకమును కల్పించెనను కథ జనులలో వ్యాపించియున్నది గాని, అంతకుముందే పుట్టిన గ్రంథమున ఈ పేరు కనబడుచుండగా ఆ కథ నిలువజాలదు. అట్లని మాంసమును అన్నమును కలిపి వండుట పరదేశీయులే మనకు నేర్పిరనుటయు సరికాదు. బృహదారణ్యకోపనిషత్తులోనే నేతితో భుజింపదగిన ‘మాంసౌదనము’ పేర్కొనబడినది. కావున బయటినుండి వచ్చినది ఆలోచన కాదు, పద్ధతి.

ఆ పద్ధతి తెలుగుదేశమున నెట్లు వేరూనెను? 1518 ప్రాంతమున గోలకొండలో రాజ్యము స్థాపించిన సుల్తాన్ కులీ పర్షియాలోని హమదాను నగరమువాడు. అతని కుమారుడు ఇబ్రహీము రాజ్యమునకు రాకమునుపు, 1543 మొదలు 1550 వఱకు విజయనగరమున తలదాచుకొనెను. ఏడేండ్లు తెలుగువారి నడుమ మెలగిన ఆ రాజును మన కవులు ‘మల్కిభరాము’డని పిలుచుకొనిరి, అద్దంకి గంగాధరకవి తన ‘తపతీసంవరణోపాఖ్యానము’ను అతనికే అంకితమిచ్చెను. ఇబ్రహీము కుమారుడు మహమ్మదు కులీ 1591లో హైదరాబాదు నగరమును నిర్మించెను. 1687లో ఔరంగజేబు గోలకొండను జయించినపిదప మొగలాయి సైన్యములును, ఉద్యోగులును దక్షిణమునకు వచ్చిరి. 1724లో ఆసఫ్‌జాహీల ప్రభుత్వ మేర్పడెను. 1763లో రాజధాని ఔరంగాబాదునుండి హైదరాబాదునకు మాఱెను. ఇట్లు పర్షియా రుచియు, ఢిల్లీ రుచియు ఒకదాని వెనుక నొకటి తెలుగునేలకు చేరినవి. ఇచ్చట వానికొఱకు వేచియున్నవి చింతపండు, నువ్వులు, కఱివేపాకు, పోపు.

వంట విధానమును పరిశీలించినచో ఈ కలయిక స్పష్టమగును. కిలో కోడిమాంసమునకు పావుకిలో పెరుగు, అల్లము వెల్లుల్లి ముద్ద, ఉప్పు, కారము, పసుపు, ఏలకులు, లవంగములు, దాల్చినచెక్క, షాజీర, పుదీన, కొత్తిమీర, నిమ్మరసము, నేతిలో ఎఱ్ఱగా వేచిన యుల్లిపాయలు చేర్చి రెండుగంటలు ఊఱనిత్తురు. పెరుగులోని పులుపు మాంసమును మెత్తపఱచును. మేకమాంసమైనచో పచ్చిబొప్పాయి ముద్దయు చేర్చుదురు గాని కోడికి దానితో పనిలేదు. బియ్యమును అరగంట నానబెట్టి, ఉప్పునీట ముప్పాతికవంతు మాత్రమే యుడికించి వార్చుదురు. వార్చుట మన గృహిణులకు క్రొత్తది గాదు. పర్షియావారికిని క్రొత్తది గాదు. పచ్చిమాంసము అడుగునను, అన్నము పైనను పఱచి, పాలలో నానిన కుంకుమపువ్వును, నేతిని చిలుకరించి, మూతచుట్టు గోధుమపిండి మెత్తి ఆవిరి పోకుండ బిగింతురు. మొదట కొంచెముసేపు పెద్దమంటపైనను, పిమ్మట అరగంటకు పైగా సన్నసెగపైనను ఉంచి, మూతపై నిప్పులు పోయుదురు. పెరుగునుండియు మాంసమునుండియు లేచిన యావిరియే అన్నములో మిగిలిన పాతికవంతును ఉడికించును. పచ్చిమాంసముతో వండునది గనుక దీనికి ‘కచ్చి’ యని పేరు. మూత తీయువఱకు లోపల నేమి జరిగినదో వండినవారికిని తెలియదు; చేతి యనుభవమే వారికి గడియారము.

ఇంతవఱకు ఉత్తరాది, పర్షియా పద్ధతులే యెక్కువగా కనబడుచున్నవి. కాని హైదరాబాదులో బిరియాని ఒంటరిగా వడ్డింపబడదు. ప్రక్కన మిరపకాయల సాలను ఉండవలయును. వేరుసెనగపప్పు, నువ్వులు, కొబ్బరి వేచి నూఱి, చింతపండు పులుసులో ఉడికించి, కఱివేపాకు పోపు వేసిన పొడుగుమిరపకాయల కూరయే అది. పేరు ఉర్దూది, ప్రాణము తెలుగు పులుసుది. నేతితో బరువెక్కిన అన్నమునకు చింతపులుపు తోడుగానిదే నాలుకకు తృప్తి కలుగదని కనుగొన్న వంటవాడెవడో, వంటకత్తె యెవతెయో చరిత్రలో పేరులేదు.

ఇక తెలుగుపులుసు మాత్రము అచ్చముగా మనదా? మిరపకాయయు, వేరుసెనగయు అమెరికాఖండమునకు చెందినవి. 1498లో వాస్కోడగామా కాలికట్టు చేరిన తరువాతనే పోర్చుగీసు ఓడలు మిరపను మన తీరమునకు తెచ్చినవి. అంతకుముందు మన కారము చాలవఱకు మిరియాలదే. క్రొత్తకాయకు మనవారు ఆ పాతపేరును పోలిన పేరే పెట్టుకొనిరి. చింత పుట్టినిల్లు ఆఫ్రికా. అది యెంత ప్రాచీనకాలమున మనదేశము చేరెనో గాని, అరబ్బులు దానిని ‘తమర్ హిందీ’, అనగా హిందూదేశపు ఖర్జూరము, అని పిలిచిరి. ఆఫ్రికానుండి వచ్చినదానికి మన దేశముపేరు దక్కినది! మన వంటయింటి యల్మారాను తెఱచి అందులో పరాయిసొత్తును వెలివేయబూనినచో, మిగులున దెంత?

ఈ విద్య కోటలోనే నిలిచిపోలేదు. తెలంగాణపు పల్లెలలో పెండ్లికిని పండుగకును వండు ‘బగారా అన్నము’ దీని చెల్లెలు. ‘బగార’ యనగా ఉర్దూలో పోపు. కుంకుమపువ్వు లేదు, పొరలు లేవు. నూనెలో లవంగములు, చెక్క, పుదీన వేచి, కొలిచిన నీటిలో బియ్యము పోసి యుడికించి, ప్రక్కన కారముగల కోడికూర వడ్డింతురు. జొన్నరొట్టెయు, గట్కయు నిత్యాహారముగా నుండిన కాలమున మెట్టసీమలలో వరియన్నమే పండుగ. అందులో నవాబుగారి సుగంధము చేరుట మఱియు పండుగ. ప్రభువుల పళ్లెమును పల్లెవారు తమ కుండకు సరిపడునట్లు మలచుకొనిరి.

ఇంతటి పొత్తు రుచులలో కుదిరినది. మనుష్యులలో ఎంతవఱకు కుదిరినది? ఇదియే మేము చదువరుల ముందుంచదలచిన ప్రశ్న. వంటకముతోపాటు దస్తర్‌ఖాను అను నాచారమును వచ్చినది. నేలపై ఒక్కవస్త్రము పఱచి, దానిచుట్టు పలువురు కూర్చుండి భుజింతురు. ఇట్టిది మనకు తెలియనిది కాదు. 12వ శతాబ్దమున పల్నాటిలో బ్రహ్మనాయుడు అన్నికులములవారిని ఒక్కచాపపై కూర్చుండబెట్టి ‘చాపకూడు’ పెట్టెనని ప్రసిద్ధి. కారెంపూడిలో వీరుల యుత్సవములందు ఆ స్మృతి నేటికిని నిలిచియున్నది. ఒకవైపు వస్త్రము, ఒకవైపు చాప. రెండును చెప్పునది ఒక్కమాటయే.

ఐనను మనము వస్త్రముమీది వంటకమును తెచ్చుకొని వస్త్రమును వదలివేసితిమి. చాపను ఉత్సవమునకు పరిమితము చేసితిమి. పరమతస్థుని మసాలాను మెచ్చుకొని, అతని పంక్తిని మాత్రము తప్పించుకొను గృహములు నేడును లేకపోలేదు. కుండ కడుగు మనిషికి వేఱుగిన్నె పెట్టు గృహములును కలవు. పచ్చిమాంసమును వార్చిన యన్నమును ఒక్కమూతక్రింద ఊపిరి పంచుకొన్నందువలన గదా బిరియానికి ఆ రుచి! మన భాషలో పొత్తు అను మాటకు స్నేహమను అర్థమేగాక, కలసి భుజించుట యను అర్థమును కలదు. ఆ రెండర్థములను విడదీయని ఇల్లే ఈ వంటకమును నిజముగా నేర్చుకొన్న యిల్లు. ఈసారి మన యింట కోడిబిరియాని వండిననాడు మూత తీయుటకు ముందు, పంక్తిలో ఎవ్వరికి చోటులేక పోయెనో యొక్కసారి చూచుకొందము.