మద్య విరమణ లక్షణాలు - నర్సింగ్ పరిచర్య

మద్య విరమణ లక్షణాలు అనగా చాలాకాలంగా ప్రతిదినం మద్యం సేవించే వ్యక్తి దానిని హఠాత్తుగా మానివేసినప్పుడు లేదా బాగా తగ్గించినప్పుడు కలిగే శారీరక, మానసిక అస్వస్థత. తాగుడు మానడానికి మనోబలం ఒక్కటే చాలునన్న అభిప్రాయం జనంలో బలంగా ఉంది. కానీ తీవ్రంగా అలవాటుపడినవారు వైద్య పర్యవేక్షణ లేకుండా ఒక్కసారిగా మానివేస్తే ప్రాణాపాయం కలుగవచ్చు. తొలి దినాలలో రోగిని అనుక్షణం గమనిస్తూ ఉండేది నర్సు గనుక ఈ చికిత్సలో నర్సింగ్ పరిచర్యకు విశేష ప్రాధాన్యం ఉంది.

అలిపిరి ఉదాహరణ

తిరుపతిలో, తిరుమల కొండ పాదం వద్ద ఉన్న ప్రాంతం అలిపిరి. తిరుమలలో మద్యం, పొగాకు, మాంసం నిషిద్ధం కాబట్టి అలిపిరి తనిఖీ కేంద్రంలో వాహనాలను, సామానును సోదా చేసి పైకి పంపుతారు. రోజూ తాగే మనిషి అలిపిరి దాటి కొండపై రెండు రాత్రులు గడిపితే, అనుకోకుండానే మద్యం మానినవాడవుతాడు. అప్పుడు చేతులు వణికినా, చెమటలు పట్టినా అది మెట్లెక్కిన బడలిక అని ఇంటివారు పొరబడే అవకాశం ఉంది. మాల వేసుకొన్న దినం నుండే తాగుడు మానేవారికి కూడా ఇది వర్తిస్తుంది. ఇందులో దీక్ష దోషమేమీ లేదు. ముందుగా వైద్యుని సంప్రదించడం అవసరం, అంతే. స్విమ్స్, రుయా ఆసుపత్రులు రెండూ అలిపిరి రోడ్డు ప్రాంతంలోనే ఉన్నాయి.

కారణం, కాలక్రమం

మద్యం మెదడు చురుకుదనాన్ని అణచి ఉంచుతుంది. ఏళ్ళ తరబడి ఆ అణచివేతకు ఎదురు పనిచేయడానికి అలవాటుపడిన మెదడు, మద్యం అందనప్పుడు అదుపు తప్పి ఉద్రేకిస్తుంది. చివరిసారి తాగిన 6 నుండి 24 గంటలలో వణుకు, వాంతులు, ఆందోళన, గుండెదడ మొదలవుతాయి. మూర్ఛలు సాధారణంగా మొదటి 48 గంటలలో వస్తాయి. రెండు నుండి నాలుగు రోజుల మధ్య కొందరికి డెలీరియం ట్రెమెన్స్ అనే సన్నిపాత స్థితి కలుగుతుంది. రోగి తానెక్కడ ఉన్నదీ మరచి, లేని పురుగులను, మనుషులను చూస్తాడు. పల్లెలలో దీనిని గాలి సోకడంగా భావించి భూతవైద్యుల వద్దకు తీసుకుపోయి విలువైన కాలం పోగొట్టుకొనేవారున్నారు.

పరిచర్య

చివరిసారి ఎప్పుడు, ఎంత తాగాడు, పూర్వం మూర్ఛలు వచ్చాయా అన్నవి నర్సు మొదట అడుగవలసిన ప్రశ్నలు. నాడి, రక్తపోటు, శ్వాస, ఉష్ణోగ్రత, రక్తంలో చక్కెర తరచుగా చూడాలి. లక్షణాల తీవ్రతను పది అంశాలున్న సీవా కొలమానంతో లెక్కిస్తారు. వైద్యుడు సూచించిన లోరజిపామ్, డయజిపామ్ వంటి మందులు ఇచ్చిన తరువాత మగతను, శ్వాసను గమనించాలి. థయమిన్, అనగా బి1 విటమిన్, గ్లూకోజుకు ముందుగా గానీ దానితో పాటుగా గానీ ఇవ్వాలి. లేనిచో వెర్నికీ వ్యాధి వలన మెదడు శాశ్వతంగా దెబ్బతినవచ్చు. గది నిశ్శబ్దంగా ఉండాలి గానీ చీకటిగా ఉండరాదు, ఎందుకంటే నీడలు భ్రాంతులను పెంచుతాయి. మూర్ఛ వచ్చినప్పుడు పక్కకు తిప్పి పడుకోబెట్టాలి. నోటిలో ఏమీ పెట్టరాదు, చేతిలో తాళాలు పెట్టడం వలన ప్రయోజనం లేదు. రోగిని కట్టివేయడం చివరి మార్గం మాత్రమే. 2017 మానసిక ఆరోగ్య సంరక్షణ చట్టం ప్రకారం అందుకు మానసిక వైద్యుని అనుమతి ఉండాలి.

వ్యక్తిత్వ రుగ్మతలు

విరమణ దశలోని కోపం, అనుమానం, అబద్ధం చూసి రోగికి వ్యక్తిత్వ రుగ్మత ఉన్నదని ముద్ర వేయరాదు. మత్తు ప్రభావం పూర్తిగా తొలగిన పిమ్మట, యౌవనం నుండి అతని నడవడి ఎట్లున్నదో బంధువులను విచారించిన మీదటే నిర్ణయించాలి. నిజంగా ఆ రుగ్మత ఉన్నవారి విషయంలో నర్సులందరూ ఒకే నియమాన్ని పాటించాలి. పగటి నర్సు కాదన్నదానిని రాత్రి నర్సు అనుమతిస్తే వార్డులో తగవులు తప్పవు. ఆత్మహత్య గురించిన మాటను బెదిరింపుగా కొట్టివేయరాదు.

తెలుగునాట

2015 సెప్టెంబరులో తెలంగాణలో కల్తీ కల్లుపై దాడులు జరిగి సరఫరా ఆగినప్పుడు నిజామాబాదు, మహబూబ్‌నగర్ ప్రాంతాలలో అనేకులు వింత ప్రవర్తనతో ఆసుపత్రుల పాలయ్యారు. కల్తీకి వాడే ఆల్ప్రజోలామ్, డయజిపామ్, క్లోరల్ హైడ్రేట్‌లకు వారి శరీరాలు అలవాటుపడటమే కారణం. 2020 మార్చిలో లాక్‌డౌన్ వలన మద్యం దుకాణాలు మూతపడినప్పుడు హైదరాబాదు ఎర్రగడ్డ మానసిక చికిత్సాలయానికి ఇటువంటి రోగులు పెద్దసంఖ్యలో వచ్చారు.