నాలుగు వాసనలతో ముక్కుకి ట్రైనింగ్: దీని వెనక కథ

2021లో నాకు కోవిడ్ తగ్గింది గానీ వాసన తిరిగి రాలేదు. ఒకరోజు స్టవ్ మీద పాలు మాడిపోతుంటే, పక్కనే కూర్చుని లాప్‌టాప్‌లో కోడ్ రాసుకుంటున్నా. అమ్మ పరిగెత్తుకొచ్చి ఆపింది. అదే గ్యాస్ లీకైతే? ఆ భయంతోనే దీని గురించి చదవడం మొదలుపెట్టా.

జలుబు, ఫ్లూ వచ్చాక వాసన పోవడం డాక్టర్లకి ఎప్పట్నుంచో తెలుసు. గట్టి మందే లేదు. జర్మనీలోని డ్రెస్డెన్‌లో థామస్ హమ్మెల్ అనే డాక్టర్ టీమ్ 2009లో ఒక స్టడీ పబ్లిష్ చేసింది. గులాబీ, నిమ్మ, లవంగం, యూకలిప్టస్: రోజుకి రెండుసార్లు, 12 వారాలు వీటిని వాసన చూడాలి. అంతే! 40 మంది చేశారు, 16 మంది చెయ్యలేదు. చేసినవాళ్లలో కొందరికి మెరుగైంది, అందరికీ కాదు.

ఈ నాలుగే ఎందుకు? 1916లో హాన్స్ హెన్నింగ్ అనే జర్మన్ సైకాలజిస్ట్ వాసనల్ని ఆరు రకాలుగా విడగొట్టాడు. అందులో పూలు, పళ్లు, మసాలా, చెట్టు బంక రకాలకి ఒక్కో శాంపిల్ అన్నమాట. ముక్కులో వాసన పట్టే నరాల కణాలు మళ్లీ పుడతాయి కాబట్టే ఈ ఆశ.

నేనూ చేశా. మూడో నెలలో పోపులపెట్టెలో లవంగం తెలిసింది. గులాబీ ఇప్పటికీ సగమే.