ఎవరి కాగితాలు ఎవరి అల్మారాలో

1946లో డాక్టర్ అంబేద్కర్ అమెరికాలోని నల్లజాతి మేధావి డబ్ల్యు.ఇ.బి. డుబోయిస్‌కి ఒక ఉత్తరం రాశారు. అక్కడి నల్లవాళ్ల తరఫున ఐక్యరాజ్యసమితికి ఇచ్చిన వినతిపత్రం ప్రతులు పంపమని అడిగారు. అంటరానివారి సమస్యనూ ఆ వేదిక మీదికి తీసుకుపోవాలన్న ఆలోచన ఆయనది. జూలై నెలాఖరుకి డుబోయిస్ జవాబిచ్చారు. ఇంతవరకూ మనవాళ్లలో చాలామందికి తెలుసు. ఆ ఉత్తరం మనదాకా ఎలా వచ్చిందన్నది మాత్రం పెద్దగా ఎవరూ అడగరు.

1961లో డుబోయిస్ ఘనా దేశానికి వెళ్లిపోతూ తన కాగితాలను హెర్బర్ట్ అప్తేకర్ అనే కమ్యూనిస్టు చరిత్రకారుడికి అప్పగించారు. ఆయన వాటిని తన ఇంట్లోనే ఏళ్ల తరబడి కాపాడారు. 1973లో మసాచుసెట్స్ విశ్వవిద్యాలయం డుబోయిస్ భార్య షర్లీ గ్రాహం దగ్గర వాటిని కొన్నది. దాదాపు లక్ష కాగితాలు. అందులో మన ఉత్తరం ఒకటి. ఆ ఇంట్లో చెదలు పడితే, ఒక నిప్పురవ్వ లేస్తే, దాని సంగతేమిటి?

కాగితం మిగలకపోవడం ఒక నష్టం. మన గురించి ఎదుటివాడు రాసుకున్నదే మిగలడం అంతకన్నా పెద్ద నష్టం. హైదరాబాదు హిజ్రాలనే తీసుకోండి. నిజాం కాలంలో 1329 ఫసలీలో (1919) వచ్చిన చట్టం వాళ్ల పేర్లు, ఉండే చోట్లు రిజిస్టరులో ఎక్కించమంది. ఆడవేషంలో వీధిలో కనబడితే వారెంటు లేకుండా పట్టుకోవచ్చంది. తెలంగాణ హైకోర్టు ఆ చట్టాన్ని కొట్టేసింది 2023 జూలైలో! నూరేళ్లకు పైగా వాళ్ల ఉనికికి సర్కారు ఇచ్చిన చోటు అనుమానితుల జాబితా. వాళ్ల పాటలూ, గురుచేలా బంధాలూ, ఇళ్ల పంపకాలూ ఆ రిజిస్టరులో ఎక్కడుంటాయి?

అమెరికాలో స్వలింగ ప్రేమికుల చరిత్రా చాలాకాలం ఇలాగే పోలీసు కేసుల్లో, కోర్టు తీర్పుల్లో, పిచ్చాసుపత్రి రికార్డుల్లో దొరికేది. 1980లలో ఎయిడ్స్ వచ్చింది. మనిషి చనిపోగానే చాలా కుటుంబాలు ఉత్తరాలు, డైరీలు, ఫోటోలు చెత్తలో పడేశాయి. పరువు సమస్య మరి! కార్నెల్ విశ్వవిద్యాలయం 1988లో ఇలాంటి కాగితాల కోసమే ఒక విభాగం పెట్టింది. ఎంతో ఆలస్యమే, అయినా పెట్టింది.

ఐతే విశ్వవిద్యాలయం చేతిలో పెడితే సరిపోతుందా? అక్కడ అందరూ ఒప్పుకోలేదు. 1974లో న్యూయార్కులో కొందరు స్త్రీలు లెస్బియన్ హెర్‌స్టోరీ ఆర్కైవ్స్ మొదలుపెట్టారు. జోన్ నెసెల్ అనే ఆమె అపార్ట్‌మెంటే దానికి మొదటి గూడు. వాళ్ల నియమాలు ఖచ్చితం. ఇది ఏ కాలేజీ ఆవరణలోకీ పోదు, ఎందుకంటే ఆ గేటు చాలామంది ఆడవాళ్లకి మూసే ఉంటుంది. చూడ్డానికి వచ్చినవాళ్లని డిగ్రీ అడగరు. దీన్ని అమ్మరు, ముక్కలు చేయరు. చందాలతో బ్రూక్లిన్‌లో ఇల్లు కొనుక్కుని 1993లో తలుపులు తెరిచారు. నాకైతే ఈ మొండితనం నచ్చుతుంది. మన లైబ్రరీల్లో పరిచయపత్రం లేక వాకిట్లో నిలబడ్డ కార్యకర్తలకి దీని విలువ విడమర్చి చెప్పక్కర్లేదు.

కానీ ఆడ్రీ లార్డ్ సంగతి చూడండి. నల్లజాతి స్త్రీ, లెస్బియన్, కవి. 1992లో చనిపోయాక ఆమె కాగితాలు అట్లాంటాలోని స్పెల్‌మన్ కాలేజీకి చేరాయి. అది నల్లజాతి ఆడపిల్లల కాలేజీ. ఆమె గొంతు రికార్డు చేసిన టేపులు కొన్ని బ్రూక్లిన్ ఇంట్లోనూ ఉన్నాయి. కాగితాలు నల్లవాళ్ల దగ్గర, కొంత గొంతు లెస్బియన్ల దగ్గర. ఆమె బతుకులో విడదీయలేనివి అల్మారాల్లో విడిపోయాయి. దళిత స్త్రీ కాగితాలు దళిత విభాగంలో పెట్టాలా, స్త్రీల విభాగంలోనా అని రేపు మన దగ్గరా పేచీ వస్తుంది.

అల్మారా మీద అంటించే మాట మరో గొడవ. అమెరికాలో చాలా విశ్వవిద్యాలయ గ్రంథాలయాలు అనుసరించే లైబ్రరీ ఆఫ్ కాంగ్రెస్ వర్గీకరణలో స్వలింగ ప్రేమ లైంగిక వికృతుల కింద ఉండేది. గే లైబ్రేరియన్లు సంఘం కట్టి కొట్లాడితే 1970ల మొదట్లో అక్కణ్నుంచి తీశారు. అదే లైబ్రరీ జాబితాలో మన పుస్తకాలు చాలాకాలం ‘అన్‌టచబుల్స్’ కిందనే పడి ఉన్నాయి. తర్వాతెప్పటికో ‘దళిత్స్’ అయ్యాయి. 1917లోనే బెజవాడలో పంచమ సభగా పిలిచిన సభను భాగ్యరెడ్డి వర్మ అధ్యక్షతన మనవాళ్లు ఆది ఆంధ్ర సభగా మార్చుకున్నారు కదా! ఆ సభ గురించి వెతికే విద్యార్థి ఇప్పుడు కూడా పంచమ, ఆది ఆంధ్ర, డిప్రెస్డ్ క్లాసెస్, దళిత అనే నాలుగు మాటల కిందా చూడాలి.