గురక: వీపు మీద గుండు నుంచి గాలి మిషను దాకా

మా నాయన గురక మా వీధిలో ఫేమస్. ఓసారి తిరుమలలో ఉచిత వసతి హాల్లో పడుకుంటే చుట్టుపక్కల జనం చాపలు చుట్టుకుని వేరే మూలకి పోయారు. మేం పడీ పడీ నవ్వాం. తర్వాత కొన్నాళ్ళకి, చిత్తూరు రోడ్డులో పట్టపగలు బండి నడుపుతూ కునుకు తీసి చెరుకు తోటలోకి పోయాడు. దెబ్బలు పెద్దగా తగల్లేదు గానీ మా నవ్వు ఆగిపోయింది.

నేను చేసిన మొదటి పని ఆన్‌లైన్లో గడ్డం పట్టీ కొనడం. నోరు మూసుకుంది, సౌండు తగ్గింది. పగటి నిద్ర మాత్రం తగ్గలా. ఎర్రర్లు వస్తున్నాయని లాగింగ్ ఆఫ్ చేశానన్నమాట!

చరిత్ర చూస్తే అందరూ ఇదే చేశారు. వెల్లకిలా పడుకోకుండా సైనికుల చొక్కా వీపుకి గుండు కుట్టేవారని ఓ కథ చెబుతారు. ఆ తర్వాత వచ్చిన పట్టీలూ, క్లిప్పులూ చాలావరకు పక్కవాడి నిద్ర కోసమే. గురక పెట్టేవాడికేమో అది జబ్బని ఎవరూ అనుకోలేదు. మనకి కుంభకర్ణుడు, ఇంగ్లీషువాళ్ళకి 1836-37లో డికెన్స్ రాసిన 'పిక్విక్ పేపర్స్'లో ఎప్పుడూ నిద్రపోయే లావు కుర్రాడు జో.. ఇద్దరూ నవ్వుకోడానికే.

ఆ పుస్తకం పేరు మీదే 1956లో బర్వెల్ అనే అమెరికన్ డాక్టరు, అతని సహచరులు ఓ కేసు రాశారు. దాదాపు 120 కిలోల వ్యాపారి పేకాటలో చేతికి మూడు ఆసులు, రెండు రాజులు వచ్చినా నిద్రలోకి జారి పందెం కాయలేదట (రమ్మీ మిత్రులు ఈ బాధ అర్థం చేసుకోగలరు). 1965లో ఫ్రాన్సులో, జర్మనీలో విడివిడిగా రికార్డు చేసి చూస్తే అసలు సంగతి తెలిసింది. నిద్రలో ఊపిరి పదే పదే ఆగిపోతోంది. అప్పట్లో గట్టి వైద్యం మెడ దగ్గర శ్వాసనాళానికి రంధ్రం పెట్టడమే.

1981లో సిడ్నీ డాక్టర్ కోలిన్ సల్లివాన్ బృందం లాన్సెట్‌లో అయిదుగురు రోగుల గురించి రాసింది. వాక్యూమ్ క్లీనర్ మోటార్‌తో ముక్కులోకి గాలి ఒత్తిడి పంపితే గొంతు మూసుకుపోలేదు. అదే సీపాప్. సౌండుని కాక, మూసుకుపోయే దారిని పట్టించుకున్న యంత్రం.

కాబట్టి ఊపిరి ఆగి ఉలిక్కిపడి లేస్తున్నా, పగలు తూగుతున్నా ముందు నిద్ర పరీక్ష చేయించండి, తర్వాతే షాపింగు. ముక్కు దిబ్బడున్నప్పుడు నోటికి పట్టీలు, టేపులు వద్దు. కింది దవడని ముందుకు లాగే పరికరం డెంటిస్టు కొలత తీసి చేస్తేనే మంచిది, లేకపోతే దవడ నొప్పి, పళ్ళు కదలడం. సీపాప్ ఒత్తిడి డాక్టరు చెప్పినట్టే పెట్టాలి, పక్కింటివాళ్ళది అరువు తెచ్చుకునేది కాదు. సెకండ్ హ్యాండ్‌లో కొనేముందు మోడల్ చూడండి: లోపలి ఫోమ్ పొడిపొడిగా రాలి ఊపిరిలోకి పోవచ్చని ఫిలిప్స్ 2021 జూన్‌లో లక్షల మిషన్లు రీకాల్ చేసింది. ఓజోన్‌తో శుభ్రం చేస్తే ఆ ఫోమ్ ఇంకా త్వరగా పాడవచ్చనీ చెప్పింది.

నాయనకి ఇప్పుడు సీపాపే. తొట్టిలో మా బోరు నీళ్ళు పోస్తే తెల్లపొర కట్టింది, అందుకని డిస్టిల్డ్ వాటర్ తెస్తున్నాం. కరెంటు పోతుందని ఇన్వర్టర్ కూడా కొన్నాం. ఇంట్లో చప్పుడు లేకపోయేసరికి అమ్మకే నిద్ర పట్టట్లేదు, మధ్యరాత్రి లేచి ఊపిరి ఆడుతోందా లేదా అని చూసొస్తోంది.