మైనర్ థ్రెట్

మైనర్ థ్రెట్ (1980–1983) అమెరికా రాజధాని వాషింగ్టన్ డి.సి.కి చెందిన హార్డ్‌కోర్ పంక్ బృందం. టీన్ ఐడిల్స్ బృందం విడిపోయాక గాయకుడు ఇయన్ మెకాయ్, డ్రమ్మర్ జెఫ్ నెల్సన్ దీన్ని నెలకొల్పారు. లైల్ ప్రెస్లర్ గిటార్, బ్రయన్ బేకర్ బేస్ వాయించారు.

ప్రచురణ: పెద్ద కంపెనీల జోలికి పోకుండా సొంత సంస్థ డిస్కార్డ్ రికార్డ్స్ ద్వారానే పాటలు విడుదల చేశారు. తొలినాళ్లలో రికార్డుల అట్టలను స్నేహితులంతా కూర్చుని కత్తిరించి, మడిచి, జిగురుతో అతికించేవారు. 1981లో రెండు చిన్న రికార్డులు, 1983లో ‘అవుట్ ఆఫ్ స్టెప్’ వచ్చాయి.

ప్రభావం: నిమిషం కూడా నిడివి లేని ‘స్ట్రెయిట్ ఎడ్జ్’ పాట మద్యానికి, మాదకద్రవ్యాలకు దూరంగా ఉండే యువజన ఉద్యమానికి పేరునిచ్చింది. మద్యం వయసు రాని పిల్లల చేతిపై క్లబ్బులవాళ్లు గీసే నల్లటి ఇంటూ గుర్తును ఆ ఉద్యమకారులు సగర్వంగా ధరించారు.

ముగింపు: సంగీత ధోరణిపై విభేదాలతో 1983లో బృందం విడిపోయింది. చివరి రికార్డు ‘సలాడ్ డేస్’ 1985లో విడుదలైంది. మెకాయ్ తర్వాత ఫుగాజీ బృందాన్ని స్థాపించారు. కళాకారులు తమ కృషిపై హక్కును తామే నిలుపుకోవచ్చని చాటడం మైనర్ థ్రెట్ సాధించిన ఘనవిజయం.