తెలుగు నేర కథల్లో లంచగొండి పోలీసు

తెలుగులో లంచగొండి పోలీసు పాత్ర డిటెక్టివ్ నవలల కన్నా పాతది. గురజాడ అప్పారావు ‘కన్యాశుల్కం’ రెండో కూర్పులో (1909) పెళ్లికూతురి వేషం వేసిన కుర్రవాడు మాయమవుతాడు. జరగని ఖూనీ ముసలి లుబ్ధావధాన్లు మెడకు చుట్టుకుంటుంది. హెడ్డు కనిస్టీబు చేతిలో ఆయుధమేమీ లేదు. ఎదుటివాడి భయమే అతని పెట్టుబడి. తర్వాత వచ్చిన మంచి రచనలన్నీ ఈ కిటుకునే పట్టుకున్నాయి.

నేటి నిజామాబాద్ జిల్లాలోని ముప్కాల్, బోధన్ ప్రాంతాలు నిజాం ఏలుబడిలో ఉన్నప్పుడు ఠాణా అధికారిని అమీన్ అనేవారు. నిజామాబాద్ జైల్లో దాశరథితో పాటు ఖైదీగా ఉన్న వట్టికోట ఆళ్వారుస్వామి (1915–1961) తన ‘ప్రజల మనిషి’ నవలను ఈ జిల్లా పల్లెలోనే నడిపారు. అందులో పెత్తనం దొరది. సర్కారు నౌకరు ఆ పెత్తనానికి కాపలా. ఆయన ‘జైలు లోపల’ కథల్లో నేరం కన్నా ఖైదీని అక్కడిదాకా తెచ్చిన పరిస్థితులే ముఖ్యం.

కొమ్మూరి సాంబశివరావు డిటెక్టివ్ యుగంధర్ నవలల్లో ఇన్‌స్పెక్టర్ స్వరాజ్యరావు నమ్మదగిన మిత్రుడు. ఆ తరహా నవలకు అలాంటి పోలీసే కావాలి.

ఈ పాత్రను లోపలినుంచి చూసినవారు రాచకొండ విశ్వనాథశాస్త్రి (1922–1993). విశాఖలో వకీలుగా పనిచేసిన ఆయనకు మద్యనిషేధ చట్టం ఎవరి జేబులు నింపుతోందో తెలుసు. ‘ఆరు సారా కథలు’ సంపుటిలోని ‘మాయ’లో సారా కేసులో ఇరుక్కున్న ముత్యాలమ్మ, పోలీసులూ కోర్టులూ నడిచే తీరును కొత్త వకీలుకు విడమరిచి చెబుతుంది. తెలుగులో దీన్ని మించిన పోలీసు కథ లేదని చెప్పవచ్చు. అందులో ఒక దుర్మార్గుడు కాదు, ఒక ఏర్పాటే ప్రతినాయకుడు.

ఆ ఏర్పాటు కాగితాల మీద నడుస్తుంది. 1872 సాక్ష్య చట్టం 25వ సెక్షన్ ప్రకారం పోలీసుల ముందు ఒప్పుకున్న నేరం సాక్ష్యంగా చెల్లదు. అయితే ఆ మాటల ఆధారంగా వస్తువేదైనా దొరికితే, దానికి సంబంధించినంత మేరకు 27వ సెక్షన్ అనుమతిస్తుంది. అందుకే కథలోని చెడ్డ ఎస్సైకి దెబ్బల కన్నా పంచనామా, చెప్పినచోట సంతకం పెట్టే పంచులు ఎక్కువ అవసరం. 2024 జులై 1 నుంచి కొత్త సాక్ష్య చట్టం అమల్లోకి వచ్చినా ఈ రెండు నియమాలూ సారంలో కొనసాగుతున్నాయి.

సినిమా ఈ పాత్రకు గొంతు పెంచింది. ‘పోకిరి’ (2006)లో ఆశిష్ విద్యార్థి పోషించిన ఎస్సై పశుపతి యూనిఫాంలోని రౌడీ. ‘టెంపర్’ (2015)లో లంచగొండి ఎస్సైయే కథానాయకుడై చివరికి మారతాడు. గుంటూరు పోలీసుల చేతిలో తాను పడ్డ హింసను ఎం. చంద్రకుమార్ తమిళంలో ‘లాకప్’ నవలగా రాయగా, వెట్రిమారన్ దాన్ని ‘విసారణై’గా తీశారు. అందులో తెలుగు పోలీసులకు ఒక కేసు మూసేయడమే కావాలి, ఒప్పుకునేది ఎవరైనా సరే. ‘నాంది’ (2021)లో ఏసీపీ కిశోర్ చేసేదీ అదే పని: చేయని హత్యను ఒక అమాయకుడి మీద మోపడం. విచారణ ఖైదీగా ఏళ్లు గడిపిన ఆ యువకుడు న్యాయవాది సాయంతో పోలీసుల మీదే ఎదురు కేసు నడుపుతాడు.