కటపయాది: అక్షరములందు నిక్షిప్తమైన సంఖ్యలు

మహాభారతమునకు 'జయ'మను నామాంతరము కలదు. ఆ రెండక్షరములను కటపయాది క్రమమున విప్పినచో 18 వచ్చును. పర్వములు 18, యుద్ధదినములు 18, గీతాధ్యాయములు 18. ఇది వ్యాసభగవానుని సంకల్పమేనని మా పెద్దలు చెప్పెడివారు. నేను మాత్రము దీనిని తరువాతి పండితుల చమత్కారముగానే భావింతును. ఈ పద్ధతి మనకు స్పష్టముగా కనిపించునది క్రీ.శ. 683 నాటి హరిదత్తుని 'గ్రహచారనిబంధన'మందు.

నియమము స్వల్పము. క మొదలు ఝ వరకు 1 నుండి 9. ట మొదలు ధ వరకు మరల 1 నుండి 9. ప మొదలు మ వరకు 1 నుండి 5. య మొదలు హ వరకు 1 నుండి 8. ఞ, న, ఒంటరి అచ్చు సున్నలు. సంయుక్తాక్షరమున చివరి హల్లే గణ్యము. మొదటి అక్షరము ఒకట్ల స్థానము. జ 8, య 1; కనుక 18.

ఆర్యభటుడును అంకెలను అక్షరములతోనే చెప్పెను గాని, ఆ కూర్పులు నోరు తిరుగనివి, అర్థము లేనివి. ఇచట ఒకటికే క, ట, ప, య అను నాలుగు హల్లులున్నవి. హల్లుతో కూడిన అచ్చునకు విలువ లేదు. కావున సంఖ్యను సార్థకమైన మాటగా మలచు స్వేచ్ఛ కవికి దక్కినది. వరరుచి పేరిట ప్రసిద్ధములైన 248 చంద్రవాక్యములు అట్టివే. 248 దినములలో చంద్రుడు తన మందోచ్చను తొమ్మిది మార్లు చేరును. దినమునకొక వాక్యము చొప్పున అతని గతి అందు నిక్షిప్తము. తాళపత్రమునకు చెదలు పట్టవచ్చును, కంఠస్థమైన వాక్యమునకు పట్టదు. పుదుచ్చేరి ప్రాంతమున ఒక పంచాంగకర్త నేలపై గవ్వలు పేర్చి, కంఠస్థమైన మాటలనుండి అంకెలు తీయుచు చంద్రగ్రహణమును గణించిన తీరును, జాన్ వారెన్ 1825లో వెలువడిన 'కాలసంకలిత'మందు వర్ణించెను.

తెలుగువారికి ఈ విద్య సంగీతముచే మరింత చేరువ. 72 మేళకర్తల పేళ్లలో మొదటి రెండక్షరములే సంఖ్యను తెలుపును. మాయామాళవగౌళ 15. శంకరాభరణము అప్పటికే ప్రసిద్ధ రాగము. దానిని 29వ స్థానమున నిలుపుటకు 'ధీర' శబ్దమును, కల్యాణిని 65వ స్థానమున నిలుపుటకు 'మేచ' శబ్దమును ముందు చేర్చిరి. చక్రవాకముకడ మాత్రము నియమమే తలవంచినది. 'క్ర'లో చివరి హల్లు ర గనుక 26 రావలెను. కాని 26 చారుకేశిది, చక్రవాకము 16. అచట క గ్రహింపక తప్పదు.

సంగీతప్రియులైన మా గురువుగారు ఈ పేరుతోనే శిష్యులను పరీక్షించెడివారు. నేను నియమము తప్పక 26 అని చెప్పితిని. వారు నవ్వి, చారుకేశికి నీవే చోటు చూపుమనిరి.